కాలేషా బండ మీద బాడిశ

నేను ఒక బాడిశను. గొడ్డలికి చెల్లెల్ని, పారకు మేనత్త కూతుర్ని అనుకోండి. గొడ్డలి అంచు కాడ వెంబడే సాగుతుంది, నా అంచు కాడకు అడ్డంగా కూర్చుంటుంది. నెత్తి వెనక సుత్తిలాగా మొద్దుమొహం ఒకటి ఉంది. ముందు కోయడానికి, వెనక కొట్టడానికి. మనుషుల్లో ఇలా రెండు మొహాలున్నవాళ్ళను చూసి జనం ముక్కున వేలేసుకుంటారు గానీ, నాలో ఆ గుణం చూసి మెచ్చుకుని తీసుకుపోతారు.

అంతకుముందు నేను లారీ చక్రాల పైనుండే కమానుకట్టలో ఒక ఉక్కుపట్టాను. ఒక ఘాటురోడ్డు మలుపులో పుటుక్కున విరిగి, లారీనీ, తవుడు బస్తాలనూ, క్లీనరు కాలునూ వాగులో పడేశాను. బాడిశగా పుట్టకముందే ఒక కాలు తిన్నదాన్నన్నమాట. తుక్కుసామాన్లలో పడి ఉన్న నన్ను కమ్మరి బ్రహ్మయ్య ఏరి తెచ్చుకున్నాడు. కొలిమిలో పెట్టి ఎర్రగా కాల్చి, పట్టకారుతో మెడ పట్టుకుని, దాగలి మీద సమ్మెటతో కుమ్మాడు. మళ్ళీ కాల్చాడు, మళ్ళీ కుమ్మాడు. నాలుగు తగిలిస్తే ఎవడైనా మెత్తబడతాడని మనుషులు ఒకరి గురించి ఒకరు చెప్పుకుంటూ ఉంటారు. నన్నడిగితే అది వట్టి మాట. దెబ్బ తిన్నకొద్దీ నేను గట్టిపడ్డాను. ఆ మీదట చన్నీళ్ళలో ముంచేసరికి, ఏది దొరికితే దాన్ని నరకాలన్నంత కసి నాలో మిగిలిపోయింది.

నన్ను కొన్నవాడు తిరపాలు మేస్త్రీ. ఉదయగిరి కొండల కింది పల్లెల్లో తిరపాలు పేరు వింటే కొందరు లేచి నిలబడతారు, కొందరు పక్క సందులోకి తిరుగుతారు. తెల్లచొక్కా తప్ప వేయడు. గొంతు పెంచి మాట్లాడడు. గోనెసంచిలో నాలాంటి బాడిశలను వేసుకుంటుంటే బ్రహ్మయ్య, "కొండకా?" అని మాత్రం అడిగాడు. "కొండకే" అన్నాడు తిరపాలు. అంతకుమించి అడిగితే ఏమవుతుందో బ్రహ్మయ్యకు తెలుసు.

కొండ మీద మా పని ఎర్రచందనం. దొంగపని. గొడ్డళ్ళు చెట్టును పడేసేవి. పడిన చెట్టు పైనుండే తెల్లచెక్కను ఒలిచేసి, లోపలి ఎర్రటి చేవను మాత్రం మిగల్చడం బాడిశల వంతు. నేను మాలకొండయ్య చేతికి వచ్చాను. కొండయ్య అంటారు అందరూ. నిలువెత్తు మనిషి, తాటిదూలాల్లాంటి చేతులు. నెత్తి మీదుగా లేపి దించాడంటే అరచెయ్యంత పెచ్చు లేచి పడేది. ఆ చెట్టు పొడి చెమటలో తడిసి వాడి ముఖం, రొమ్ము, పంచె అన్నీ ఎర్రగా అయ్యేవి. మేకను కోసి వచ్చినవాడిలా ఉండేవాడు. నిజం చెప్పాలంటే నాకు ఆ పని బాగుండేది. ఆపడం లేదు, చూసుకోవడం లేదు, కొట్టడమే.

ఒక వానాకాలం తెల్లారేవేళ అటవీశాఖవాళ్ళు మా మీద పడ్డారు. తుపాకీ పేలింది. ఎవరికి వాళ్ళు బండల మీదుగా పరుగు తీశారు. కొండయ్యకు ముందు పరిగెత్తుతున్న పెంచలరత్నం కాలు జారి లోయలోకి పోయాడు. అరుపు వినిపించింది, తర్వాత ఒళ్ళు ఒక బండకూ, దాని కిందిబండకూ తగిలిన చప్పుడు వినిపించింది, తర్వాత ఏమీ లేదు. అలికిడి సద్దుమణిగాక కొండయ్య లోయలోకి దిగాడు. రత్నం తల ఉండాల్సిన తీరులో లేదు. మోసుకుపోదామని భుజానికెత్తుకోబోతే తిరపాలు వద్దన్నాడు. శవం కిందికి దిగితే మనమందరం జైలుకెక్కుతామన్నాడు. ఆకులు కప్పి రమ్మన్నాడు. కొండయ్య కప్పాడు. ఆ రత్నం పెళ్ళాం, మొగుడు మద్రాసులో పనికి పోయాడనుకుని ఎదురుచూస్తూ ఉంది.

కొండయ్య ఆ రోజే నన్ను గోనెపట్టాలో చుట్టుకుని కొండ దిగాడు. దిగినవాడు తిన్నగా ఇంటికి పోలేదు. కాలేషా దగ్గరికి వచ్చాడు.

కాలేషా, కొండయ్య చిన్నప్పుడు కలిసి మేకలు కాసినవాళ్ళు. పెద్దయ్యాక ఒకడు కొండ పైకి పోయాడు, ఒకడు కొండ కింద ఉండిపోయి కొయ్య గరిటెలు చెక్కుకుంటున్నాడు. కాలేషా తాత చెక్కాడు, నాయన చెక్కాడు, వీడూ చెక్కుతున్నాడు. ఒంటిగది ఇంట్లో చెక్కపొట్టు కూరలో పడుతోందని పెళ్ళాం జైతూన్‌బీ బయటికి తరిమితే, వాగు ఒడ్డున రేలచెట్టు కింద ఒక బల్లపరుపు బండను చూసుకుని అక్కడ మకాం పెట్టాడు. సన్నగా, వంగి, కొంగలాగా ఉంటాడు. నోరు మాత్రం కాకిది.

కొండయ్య గోనెపట్టా విప్పి నన్ను బండ మీద పెట్టాడు. కాలేషా స్నేహితుడి ముఖం చూడలేదు, నా ముఖం చూశాడు.

"ఇది యాడిదిరా?"

"కొండది."

"నువ్వో?"

"నేనూ ఆడిదే. దిగొచ్చినా."

"మళ్ళీ ఎక్కుతావా?"

"కింద పని దొరికితే ఎక్కను," అన్నాడు కొండయ్య. "నీ పని నాకు నేర్పుతావా?"

కాలేషా లేచాడు. నన్ను తీసుకుని వాగులోకి దిగి, నున్నటి రాయి మీద నీళ్ళు చల్లుకుంటూ నూరడం మొదలుపెట్టాడు. పొద్దు వాలేదాకా నూరాడు. బ్రహ్మయ్య ఇచ్చిన మొహాన్ని కొంచెం కొంచెంగా చెరిపేసి, పలచగా, వంపుగా ఇంకో మొహం తెచ్చాడు. కాడను కూడా జానెడు కోసేశాడు. "ఇంత పొడుగు కాడ చెట్టును కొట్టేదానికి. గరిటెకు ఇంత చాలు" అన్నాడు. అడగకుండా ముఖం మార్చేస్తే ఎలా ఉంటుందో మీకెవరికీ తెలియదు గాబట్టి ఆ బాధ చెప్పి లాభం లేదు.

మరునాటి నుంచి చదువు మొదలయింది. బిక్కి చెట్టు కొమ్మ పచ్చిది తెచ్చి, మూరెడు ముక్కలు కోసి, నిలువునా చీల్చాలి. చీలికను చెక్కమొద్దు మీద నిలబెట్టి ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో నన్ను ఆడించాలి. తల వెడల్పుగా ఉంచి, మెడ దగ్గర సన్నం చేసి, కాడ దించాలి. గుంట తీయడానికి వంపు ఉలి వేరే ఉంది, నునుపుకు ఆకురాయి వేరే ఉంది. కాలేషా చెక్కుతుంటే వక్కపలుకులు కత్తిరించినట్టు టిక్కు టిక్కుమని సన్నటి పెచ్చులు రాలేవి. కొండయ్య చేతికి వచ్చేసరికి మొదటి దెబ్బకే మెడ తెగి గరిటె తల వాగులో పడేది.

ఒకటి కాదు, రెండు కాదు. బండ చుట్టూ తలలు వేరు, మొండేలు వేరుగా గరిటెలు పడి ఉండేవి. యుద్ధం జరిగిన చోటులా ఉండేది. జైతూన్‌బీ అన్నం మూట తెచ్చినప్పుడల్లా వాటిని కొంగులో ఏరుకునేది.

"కొండయ్యన్నా, నీ పుణ్యాన మా ఇంట్లో చితుకులకు కరువు లేకుండా పోయింది," అంది ఒకరోజు. "ఇంకొన్నాళ్ళు నేర్చుకోబాక. వానలు పోయేదాకా ఇట్టనే ఉండు."

కొండయ్య నవ్వలేదు. వాడికి ఆ పని రాకపోతే ఏమవుతుందో వాడికి తెలుసు. వాడి చేతులకు తెలిసింది ఒక్కటే పని, ఆ పని కొండ మీద ఉంది. పొద్దున పూట ఊరి మలుపులో ఆగే జీపు కొండకు పోయేవాళ్ళను ఎక్కించుకునేటప్పుడు హారన్ కొట్టేది. అది వినబడ్డప్పుడల్లా నా కాడ మీద వాడి వేళ్ళు బిగుసుకునేవి. ఆ బిగింపుతో కొట్టిన దెబ్బకు గరిటె కాదు, చెక్కమొద్దే చీలేది.

ఒకరోజు మెడ దాకా చక్కగా వచ్చిన గరిటె చివరి దెబ్బకు విరిగింది. కొండయ్య లేచాడు. కాలేషా పొద్దుననుంచీ చెక్కి పేర్చుకున్న పచ్చి గరిటెల మీద పడి నన్ను ఇష్టమొచ్చినట్టు దించాడు. అన్నీ తుంపులు తుంపులయ్యాయి. చెక్కమొద్దును కొట్టాడు, రేలచెట్టు మొదలును కొట్టాడు. నురగ కక్కే ఎద్దులాగా రొప్పుతూ నిలబడ్డాడు. నాకైతే పాతరోజులు తిరిగొచ్చినట్టు హాయిగా ఉంది. కాలేషా అంతసేపూ బీడీ తాగుతూ చూశాడు.

"అయిపోయిందా?"

కొండయ్య చెమట తుడుచుకున్నాడు.

"అయిపోతే ఊడ్చు. రేపు కొత్త కొమ్మ కొడదాం."

కాలేషాకు ఒక పట్టింపు ఉంది. పదునున్న పనిముట్టును చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు. ఇస్తే ఇద్దరికీ మధ్య తగవు పుడుతుందని వాళ్ళ తాతల నమ్మకం. ఒకడు బండ మీద పెట్టాలి, ఇంకొకడు బండ మీది నుంచి తీసుకోవాలి. కొండయ్యకు ఇది మొదట్లో నవ్వులాట. నన్ను తీసుకుపోయి కాలేషా చేతిలో పెట్టబోయేవాడు. పెట్టబోయిన ప్రతిసారీ కాలేషా చేతిలో ఉన్న గరిటె కాడతో మణికట్టు ఎముక మీద ఫట్టున ఒకటి తగిలించేవాడు. "తాతల మాట అని కాదురా. నీకు ఒళ్ళు తెలియదు, నాకు వేళ్ళు కావాల," అనేవాడు. మణికట్టు వాచింది. వాచిన మణికట్టు నేర్చుకుంది. కొన్నాళ్ళకు కాలేషా చెయ్యి చాపితే చాలు, కొండయ్య నడుము దానంతటదే వంగి నన్ను బండ మీద పెట్టేది. బుద్ధికి ఎక్కనిది ఒంటికి ఎక్కితే మరి దిగదు.

మెల్లగా దెబ్బ కూడా దారికొచ్చింది. ఎట్టా వచ్చిందో చెప్పమంటే చెప్పలేను. ఒక పొద్దున నేను దిగుతూ ఉన్నాను, మెడ దగ్గరికి రాగానే వాడి చెయ్యి బరువు వెనక్కి లాక్కుంది. పెచ్చు లేచింది, మెడ నిలిచింది. కాలేషా ఆ గరిటెను తిప్పి తిప్పి చూసి, "పప్పుకు పనికిరాదు, పిల్లిని కొట్టేదానికి పనికొస్తది" అన్నాడు. అది వాడి నోటి నుంచి వచ్చిన మొదటి మెప్పు. కొండయ్య దాన్ని తువ్వాల్లో చుట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. వాడి పెళ్ళాం చెంచమ్మ, మొగుడు కొండెక్కినప్పుడల్లా పుట్టింటికి పోవడానికి గుడ్డలు మూటగట్టుకునే మనిషి, ఆ గరిటెతో పులుసు కలిపి, మూటలో ఉన్న చీరలు తీసి దండెం మీద వేసిందని మరునాడు వాడే చెప్పాడు. చెప్పి, వాగువైపు ముఖం తిప్పుకున్నాడు.

తిరపాలు వచ్చింది అట్లాంటి రోజుల్లోనే. మిట్టమధ్యాహ్నం. వెంట నాగూరు అనే మనిషి ఉన్నాడు, వెడల్పాటివాడు, చేతిలో వెదురు దుడ్డుకర్ర. తిరపాలు తెల్లచొక్కా మీద ఒక్క మరక లేదు. వచ్చి రేలచెట్టు నీడలో నిలబడి, ఆరబెట్టిన గరిటెల్లో ఒకదాన్ని తీసి ఎండకు పట్టి చూశాడు.

"ఏందిరా కొండయ్యా. అంతలేసి చెట్లను పడుకోబెట్టినోడివి, ఇయ్యాల పప్పు గరిటె ముందర కూర్చున్యావు."

"దీనికి ఎవురూ చావరు," అన్నాడు కొండయ్య తల ఎత్తకుండా.

ఆ మాట పడకూడని చోట పడింది. తిరపాలు గరిటెను మెల్లగా కింద పెట్టాడు. పెంచలరత్నం సంగతి ఈ భూమ్మీద తెలిసినవాళ్ళలో కొండ కింద ఉన్నవాడు వీడొక్కడే. కొండ మీద ఉన్నంతకాలం మనిషి నోరు కొండ మీదే ఉంటుంది. కిందికి దిగినవాడి నోరు టీ కొట్టు దాకా పోతుంది, స్టేషను దాకా కూడా పోతుంది. అందుకని తిరపాలు చాలా మంచిగా, రేపు పొద్దున జీపులో నీకు చోటు ఉంచాను, వచ్చెయ్యి అన్నాడు. కొండయ్య రానన్నాడు. తిరపాలు అదే మాట ఇంకోసారి అన్నాడు, ఇంకా మంచిగా. కొండయ్య ఇంకోసారి రానన్నాడు.

మధ్యలో కాలేషా కలగజేసుకుని, "మేస్త్రీ, వాడు రాడు గానీ, రెండు గరిటెలు తీసుకపో. మీ ఇంట్లో పులుసన్నా కలుపుకోండి," అన్నాడు. ఊరుకోగలిగిన నోరు కాదని ముందే చెప్పాను.

నాగూరు గరిటెల వరసను కాలితో తన్నాడు. అవి ఎగిరి వాగులో పడ్డాయి. కొండయ్య లేవబోయాడు. లేస్తున్నవాడి వీపు మీద దుడ్డుకర్ర పడింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. ఎముక చప్పుడు నాకు వినబడింది. కొండయ్య నన్ను పట్టుకునే నిటారుగా నిలబడ్డాడు. వాడి వేళ్ళు కాడ చివరికి జారాయి. గరిటె చెక్కేవాడు నన్ను మెడ దగ్గర పట్టుకుంటాడు, చెట్టు కొట్టేవాడు చివర పట్టుకుంటాడు. అది గరిటె పట్టు కాదని నాకంటే ముందు కాలేషాకు అర్థమయింది. ఒక్క దూకులో వాళ్ళ మధ్యకు వచ్చి, కొండయ్య వైపు ఎడమచెయ్యి చాపాడు.

"అది నాకియ్యి. తలకాయల మీదికి లేపబాక. కొండా, నా చేతికియ్యి."

పుట్టిన తర్వాత మొదటిసారి కాలేషా పనిముట్టును చేతికి అడిగాడు. అరచెయ్యి విప్పి నా కిందికి తెచ్చాడు. కానీ కొండయ్య ఒళ్ళు ఆ మాట వినలేదు, చాపిన చేతిని మాత్రమే చూసింది. చెయ్యి చాపితే ఏం చెయ్యాలో దానికి వాచిన మణికట్టు నేర్పింది. వాడు నడుము వంచి, నన్ను మర్యాదగా బండ మీద పెట్టాడు.

కాలేషా అరచెయ్యి గాలిలో ఖాళీగా ఉండిపోయింది. నేను బండ మీద, ఎవరికీ చెందకుండా, ఒక్క రెప్పపాటు పడి ఉన్నాను. తిరపాలు వంగి నన్ను తీసుకున్నాడు.

కొన్నవాడు కదా, పట్టు తెలుసు. ఇంకా వంగే ఉన్న కొండయ్య తల మీదికి నన్ను దించాడు. నేను దిగాను. ఎవరు దించితే వాళ్ళ వైపు నుంచి దిగడమే నాకు తెలుసు. తలకూ నాకూ మధ్య కాలేషా ఎడమచెయ్యి వచ్చింది. దానిలో నుంచి పోయాను. చూపుడువేలు, నడిమివేలు మొదళ్ళకంటా తెగి చెక్కపొట్టులో పడ్డాయి. కొండయ్య చెవిని గీరి బండకు తగిలి నిప్పురవ్వలు లేపాను. కాలేషా అరవలేదు. చెయ్యి ముఖం ముందు పెట్టుకుని, లెక్క తప్పినవాడిలాగా దానివంక చూస్తూ కూలబడ్డాడు.

ఆ తర్వాత జరిగింది పోట్లాట కూడా కాదు. కొండయ్య తిరపాలు మణికట్టును నోటితో పట్టాడు. కుక్క పట్టినట్టు పట్టి వదల్లేదు. వీపు మీద నాగూరు కర్ర విరిగేదాకా బాదాడు, విరిగిన మొనతో పొడిచాడు. అయినా పంటి పట్టు సడలలేదు. తిరపాలు వేళ్ళు తెరుచుకున్నాయి, నేను కొండయ్య చేతికి వచ్చాను. వాడు వెనక్కి తిరగకుండానే నా మొద్దుమొహాన్ని నాగూరు మోకాలి చిప్ప మీద వేశాడు. పచ్చికొబ్బరికాయ పగిలినట్టు పగిలింది. నాగూరు చేతుల మీద పాకుతూ తుప్పల్లోకి పోయాడు. తెల్లచొక్కా వాగులోకి పరిగెత్తింది. రాళ్ళలో కాలు ఇరుక్కుని బోర్లా పడింది. కొండయ్య వెనకే దిగి, నన్ను నెత్తి మీదుగా లేపి, పాత దెబ్బ, కొండ దెబ్బ, పిక్క మీద వేశాడు. మాంసం పెచ్చులాగా లేచింది, లోపల తెల్లటి ఎముక కనబడింది. నీళ్ళు ఎర్రబడి బండల చుట్టూ తిరిగాయి.

తిరపాలు వెల్లకిలా తిరిగి రెండు చేతులూ జోడించాడు. కొండయ్య కాలితో ఆ చేతులను పక్కకు నెట్టి, మెడ ఎక్కడుందో చూసుకుని, నన్ను మళ్ళీ లేపాడు. ఇక ఆ దెబ్బను ఆపేది నాకేమీ కనబడలేదు. నిజానికి నేను ఆగాలనీ అనుకోలేదు.

బండ మీద నుంచి కాలేషా గొంతు వచ్చింది.

"వాణ్ణి తర్వాత చంపుదువు గానీ, ముందు నా చెయ్యి కట్టరా ఎదవా. కారిపోతుండాది."

కొండయ్య నన్ను నీళ్ళలో వదిలేశాడు. మనసు మారి కాదు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చాయి.

వాడు కాలేషా మణికట్టు చుట్టూ తువ్వాలు బిగించి కట్టేసరికి అన్నం మూటతో జైతూన్‌బీ వచ్చింది. ఆ మనిషి గుండెలు బాదుకోలేదు. బండ మీద కూర్చుని చెక్కపొట్టులో వెతికి రెండు వేళ్ళనూ ఏరి, వాగునీళ్ళతో కడిగి, అన్నం మూట విప్పి ఆ గుడ్డలోనే చుట్టుకుంది. ఆసుపత్రిలో డాక్టరు చూసి, లాభం లేదమ్మా, నలిగిపోయినాయి అన్నాడు. తిరిగి తెచ్చి రేలచెట్టు కింద పాతిపెట్టింది. ఆ బండ మీద చెక్కినవాటిలో అమ్ముడుపోనివి అవి రెండే అని ఎవరితోనో అందట. ఆ మాట అన్నాకే ఏడ్చిందట.

ఆసుపత్రివాళ్ళ కబురు మీద వచ్చిన పోలీసులు నన్ను వాగులోనుంచి తీశారు. మెడకు చీటీ కట్టి, లక్క ముద్ర వేసి, సాక్ష్యం సామాన్లు దాచే గదిలో పడేశారు. ఆ గదిలో ఎన్నాళ్ళున్నానో చెప్పలేను, ఒంటి మీద తుప్పు పొరలు పొరలుగా పట్టేంతకాలం ఉన్నాను. అక్కడ నా పక్కన ఒక రోకలి ఉండేది, అత్తను చంపిందట. ఒక కొడవలి, ఒక సైకిలు గొలుసు, ఒక ప్రెషరు కుక్కరు మూత, పిల్లలాడుకునే క్రికెట్ బ్యాటు ఒకటి. పుట్టుకతో ఆయుధమైంది మాలో ఒక్కటీ లేదు. మమ్మల్ని చేసినవాడు ఒకందుకు చేశాడు, పట్టుకున్నవాడు ఇంకొకందుకు లేపాడు. మనుషులు మమ్మల్ని బంధించి, తాళం వేసి, ఊళ్ళోకి వెళ్ళి మళ్ళీ రోకళ్ళు, కొడవళ్ళు కొనుక్కునేవాళ్ళు.

వాయిదాకు నన్ను ఒకసారి బయటికి తెచ్చారు. ప్లీడరు నన్ను గాల్లోకి లేపి చూపిస్తే జడ్జిగారు దూరంగా పెట్టమన్నారు. బోనులో కొండయ్యను, తిరపాలు పిక్క నువ్వే నరికావా అని అడిగారు. నేనే అన్నాడు. ఎందుకని అడిగారు. అప్పుడు వాడు గరిటెల నుంచి కాకుండా ఆకుల కుప్ప నుంచి మొదలుపెట్టి చెప్పాడు. లోయ ఎక్కడుందో చెప్పాడు. పెంచలరత్నం పెళ్ళాం వెనకబెంచీలో కూర్చుని వింటోంది. పోలీసులు వాణ్ణే వెంటబెట్టుకుని కొండెక్కి, ఎముకలు మూటగట్టి తెచ్చి ఆమెకిచ్చారు. తిరపాలుకు పెద్ద శిక్ష పడింది, నాగూరుకు అంతకు తక్కువ, కొండయ్యకు ఇంకా తక్కువ. ఒకళ్ళ కాలు, ఒకళ్ళ వేళ్ళు, ఒకళ్ళ చిప్ప అన్నీ తూచి సరిచేసినట్టు అందరూ లేచి వెళ్ళిపోయారు.

కేసు ముగిశాక కాలేషా నాకోసం అర్జీ పెట్టుకున్నాడు. గుమాస్తా వాడి చెయ్యి చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ చెయ్యి చూశాడు.

"ఇది నీ వేళ్ళు నరికింది గదయ్యా. దీన్నేం చేసుకుంటావు?"

"ఉక్కు మంచిది సార్," అన్నాడు కాలేషా. "లారీ కమాను."

ఇంటికి తెచ్చి తుప్పు వదిలేదాకా వాగురాయి మీద నూరాడు. రాయిని మోకాళ్ళతో పట్టుకుని ఒంటిచేత్తో నూరాడు. నూరగలిగాడు గానీ చెక్కలేకపోయాడు. ఎడమచేతిలో మిగిలిన బొటనవేలికీ, చివరి రెండు వేళ్ళకూ మధ్య పచ్చిచెక్క నిలవదు, దెబ్బ పడగానే చేపలాగా జారిపోతుంది. జైతూన్‌బీ పట్టుకుంటానంది. ఆ మాటకు మాత్రం కాలేషా నోరు చేసుకున్నాడు. నన్ను గూట్లో పెట్టేశాడు.

కొండయ్య విడుదలై వచ్చాడు. వచ్చినవాడు బండ దగ్గరికి రాలేదు. కాలేషా ఇంటి సందులోకే రాలేదు. మలుపులో టీ కొట్టు ముందు కూర్చుంటున్నాడని జైతూన్‌బీ చెప్పింది. తిరపాలు పోయాక కొండకు ఇంకో మేస్త్రీ వచ్చాడు, జీపు మాత్రం అదే. అది వచ్చేదాకా కూర్చుంటాడట, ఎక్కకుండా అది పోయాక లేస్తాడట. ఇవాళ డ్రైవరు పక్కసీటు ఖాళీ చేసి తలుపు తీశాడట. చెంచమ్మ దండెం మీది చీరలు మళ్ళీ మూటకెక్కాయట.

కాలేషా గూట్లోనుంచి నన్ను తీసి నడుముకు దోపుకుని బయలుదేరాడు.

టీ కొట్టు ముందు జీపు ఆగి ఉంది. తలుపు తెరిచి ఉంది. కొండయ్య లేచి ఒక కాలు ముందుకు వేసి నిలబడి ఉన్నాడు. కాలేషా వాడికీ జీపుకూ మధ్య నిలబడలేదు, ఆ పని ఒకసారి చేసి చూశాడు గనక. పక్కనే నిలబడి చొక్కా అంచు పట్టుకున్నాడు.

"నడువు. కొమ్మ కొట్టి తెచ్చినా, ఎండిపోతుండాది."

"నన్ను వదిలెయ్ కాలేషా. నా చెయ్యి మంచిది కాదు."

"నాదేమన్నా మిగిలిందా మంచిదని చెప్పుకునేదానికి? నువ్వు నడుస్తావా, నేనే మోసుకుపోవాల్నా? ఒంటిచేత్తో మొయ్యలేను, చెప్తుండా."

టీ కొట్టులో ఎవరో నవ్వారు. కొండయ్య నవ్వలేదు గానీ నడిచాడు. వెనక జీపు హారన్ కొట్టింది. వాగు దాకా కొడుతూనే ఉంది.

బండ మీద కాలేషా చెక్కమొద్దును దగ్గరికి లాక్కుని, దాని మీద బిక్కిచీలికను పడుకోబెట్టి, కాలు చాపి మడమతో ఒక కొస, కాలివేళ్ళతో ఒక కొస తొక్కిపట్టాడు. వేళ్ళకు బెత్తెడు దూరంలో గరిటె మెడకు బొగ్గుతో గీత గీశాడు. నన్ను నడుము నుంచి తీసి బండ మీద పెట్టాడు.

"పట్టుకునేది నేను, కొట్టేది నువ్వు. ఇట్టయితే ఇద్దరికీ కలిపి ఒక మనిషి చేతులుంటాయి. కొట్టు."

కొండయ్య నన్ను తీసుకున్నాడు. వాడి అరచెయ్యి చన్నీళ్ళలో పెట్టినట్టుంది.  ఆ కాలివేళ్ళ వంక చూశాడు. కొట్టకుండానే నన్ను పక్కన పెట్టేశాడు. కాలు తియ్యరా, తాడుతో కట్టుకుందాం అని బతిమాలాడు. తాడు జారుద్ది, కాలు జారదు అన్నాడు కాలేషా. మలుపులో హారన్ ఆగింది. ఇంజను బిగ్గరగా మోగింది. పోయే ముందు అది ఎవరికోసమో ఇంకా కాసేపు ఆగినట్టుంది.

"నాకేం భయం లేదు," అన్నాడు కాలేషా. "చెక్కను చూసి కొట్టు. నన్ను చూడబాక."

కొండయ్య నన్ను తీసి లేపాడు. నెత్తి మీదికి కాదు, చెవి దాకా. మెడ దగ్గర పట్టుకుని దించాడు. వాడి చూపు బొగ్గుగీత మీద ఉంది గనక వాడికి కనబడలేదు. పైనుంచి వస్తున్న నాకు కనబడింది. కాలేషా రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, పళ్ళు బిగించి, ముఖం పక్కకు తిప్పుకుని ఉన్నాడు.

పెచ్చు లేచి నీళ్ళలో పడింది. కాలేషా ఒక కన్ను తెరిచాడు, తర్వాత రెండోది తెరిచాడు. కాలివేళ్ళను ఒక్కొక్కటిగా కదిపి చూసుకున్నాడు.

"ఇంత మెల్లగా కొడితే పొద్దుగూకేలోపల ఒక్క గరిటె కూడా కాదు," అన్నాడు.